సదరు నలభై ఒక్కమంది స్త్రీలు

రిజిస్ట్రారు గారికి ఒకే ఉదయం నలభై ఒక్క పెళ్లిళ్లు జరిగిపోయిన వ్యవహారంలో నా తప్పు రవ్వంత కూడా లేదని మొదటే మనవి చేసుకుంటున్నాను. నా పేరు గుత్తుల ధనరాజు. తూర్పు తీర విశ్వవిద్యాలయంలో పరిశోధన నైతికత విభాగానికి సూపరింటెండెంటుని. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో ఒక్క కాగితాన్ని కూడా దాని వరస తప్పించి ముందుకు జరిపిన పాపాన పోలేదు.

అసలిదంతా సాంబారుతో మొదలైంది. సోషియాలజీలో ఒకాయన హాస్టల్ భోజనాల మీద పరిశోధన చేసి, సాంబారులో పప్పు జాడ దొరకలేదని వ్యాసం రాశాడు. వంట మేస్త్రి దాన్ని ఎవరిచేతో చదివించుకుని విని, నన్నడక్కుండా నా గురించి ఎలా రాస్తారంటూ వైస్ చాన్సలర్ గారి గది ముందు గరిటెతో సహా బైఠాయించాడు. మూడు రోజులు హాస్టళ్లలో పొయ్యి వెలగలేదు. నాలుగో రోజు సర్క్యులర్ వచ్చింది: "ఇకమీదట ఈ విశ్వవిద్యాలయపు పరిశోధనలలో ప్రస్తావనకు వచ్చు ప్రతి వ్యక్తి నుండియు, సదరు వ్యక్తి జీవించి యున్నను లేకున్నను, సంతకముతో కూడిన సమ్మతి పత్రము పొందవలెను." సాంబారు మాత్రం మారలేదు.

"లేకున్నను" అన్న మాట నేనే చేర్చాను. అది లేకపోతే వాక్యం బోసిగా అనిపించింది.

సర్క్యులర్ అన్ని శాఖలకూ వెళ్లింది. జువాలజీ హెడ్డు గారు కప్పలకు కూడా ఇది వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడిగారు. వర్తించదని రాసి సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ లేక, వర్తిస్తుందని రాశాం. కప్పలు సంతకం చేయలేవు కనుక హెడ్డు గారే వాటికి సంరక్షకుడిగా రెండు వందల పన్నెండు పత్రాల మీద సంతకాలు పెట్టి, అదే వారంలో వాటిని కోశారు. చరిత్ర శాఖలో రాజుల మీద పనిచేసే ఆయనకు ఏ ఇబ్బందీ కలగలేదు. రాగి శాసనాల మీద రాజముద్రలు ఉంటాయి కదా, అవి సంతకం కంటే గట్టివని మా నైతికత కమిటీ తేల్చింది. మూడు వందల ఏళ్ల రాజవంశం మొత్తం ఒక్క మధ్యాహ్నంలో సమ్మతించింది.

ఆ శాఖలోనే డాక్టర్ కర్రి సుభాషిణి గారున్నారు. అసోసియేట్ ప్రొఫెసరు. కరీబియన్ దీవుల్లో ఆడవాళ్ల చరిత్ర ఆవిడ పని. 1862లో మన గోదావరి జిల్లా పల్లెల నుంచి మద్రాసు వెళ్లి, అక్కడ ఓడెక్కి, ట్రినిడాడ్ చెరకు తోటలకు కూలికి పోయిన నలభై ఒక్కమంది స్త్రీల సంగతి ఆవిడ ఇరవై రెండేళ్లపాటు తవ్వి తీశారు. ఆ దీవికి రెండుసార్లు వెళ్లొచ్చారు. జూన్‌లో రిటైర్మెంటు. ఈలోగా పుస్తకం అచ్చయితే ప్రొఫెసరు హోదా వస్తుంది. ఆవిడ రాతప్రతి పట్టుకుని నా దగ్గరకు వచ్చిన రోజు నేను ఫారం ఏడు-బి నలభై ఒక్క కాపీలు చేతిలో పెట్టాను.

మర్నాటికల్లా నింపి తెచ్చారు. సంతకం గడిలో అన్నిట్లోనూ ఒకటే మాట: మరణించారు.

"మరణ ధ్రువపత్రాలు జతచేయలేదు మేడమ్," అన్నాను.

"ధనరాజు గారూ, వాళ్లలో అందరికంటే చిన్నావిడకి ఇప్పుడు నూట డెబ్బై తొమ్మిదేళ్లుండాలండి."

"వయసు గడి వేరే ఉందండి. అందులో రాయండి. ఇంకోటి, భర్త, తండ్రి, సంరక్షకుడు అన్న గడి కూడా ఖాళీగా వదిలేశారు."

"ఓడ రిజిస్టర్లోనూ ఖాళీయేనండి. సగం మంది మొగుళ్లని వదిలేసి వెళ్లినవాళ్లు. మిగతావాళ్లు ఆ పేరు చెప్పడం ఇష్టం లేక చెప్పలేదు. నా పుస్తకమంతా ఆ ఖాళీ గడి గురించేనండి."

గడి ఖాళీగా ఉంటే కాగితం కదలదని చెప్పాను. ఆవిడ నావైపు చాలాసేపు చూశారు. నాకు ఫైళ్లంటే భయం లేదు కానీ ఆ చూపంటే కొంచెం భయమే.

కమిటీ కూర్చుంది. రిజిస్ట్రారు ఆచార్య వేమవరపు సాంబమూర్తి గారు అధ్యక్షులు. నిబంధన ప్రకారం ఆ ప్రాంతం గురించి అవగాహన ఉన్న నిపుణుడొకరు ఉండాలి. మా విశ్వవిద్యాలయంలో వెస్టిండీస్ గురించి తెలిసిన మనిషి వ్యాయామ శాఖ డైరెక్టరు బొంతు సత్యానందం గారొక్కరే. వాళ్ల క్రికెట్ టీము ఓసారి మ్యాచ్ ఆడ్డానికి వస్తే ఆయన బౌండరీ తాడు పక్కనే నిలబడి చూశారు.

"అక్కడ బౌన్సు ఎక్కువండి. మన ఆడవాళ్లు తట్టుకున్నారా?" అని ఆయన నిపుణుడి హోదాలో మొదటి ప్రశ్న వేశారు.

"వాళ్లు వెళ్లింది చెరకు తోటలకండి," అన్నారు సుభాషిణి గారు.

"అదేనండి, ఔట్‌ఫీల్డ్ సంగతే అడుగుతున్నాను."

రిజిస్ట్రారు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన మాట్లాడితే సర్క్యులర్ మాట్లాడినట్టే ఉంటుంది. "సదరు స్త్రీల గోప్యతను దృష్టియందుంచుకొని, పేర్ల స్థానే క్రమసంఖ్యలు వేసినచో, సమ్మతి విషయమై కమిటీ ఉదారముగా ఆలోచింపగలదు. ఒకటి నుండి నలభై ఒకటి వరకు. చూచుటకు కూడ శుభ్రముగా నుండును."

"నంబర్లు వాళ్లకి ఆల్రెడీ ఇచ్చేశారండి," అన్నారు ఆవిడ. "తోట యజమాని ఇచ్చాడు. పిలిచినా, కొట్టినా, చివరికి పాతిపెట్టినా ఆ నంబరుతోనే. నంబరు తీసి పేరు పెట్టడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టిందండి. ప్రొఫెసరు పోస్టు ఇవ్వకపోతే మానేయండి. పేర్లు మాత్రం అచ్చవ్వాలి. అవి లేకపోతే పుస్తకమే వద్దు నాకు."

సత్యానందం గారు బిస్కెట్టు కొరకడం ఆపారు.

"అట్లయినచో మరణ ధ్రువీకరణ అనివార్యము," అని రిజిస్ట్రారు గారు లేచారు.

నేను పేర్లూ ఊళ్లూ రాసి తహసీల్దారు కార్యాలయానికి పంపాను. పది రోజుల్లో జవాబొచ్చింది: "సదరు నలభై ఒక్కమంది స్త్రీలు మరణించినట్లు ఈ మండల రికార్డులలో ఎట్టి దాఖలా లేదు." దాని కింద గుండ్రటి ముద్ర, ఆకుపచ్చ సంతకం. అంత స్పష్టమైన కాగితం నేను చాలా కాలంగా చూడలేదు. చనిపోయినట్టు దాఖలా లేదు కనుక జీవించి ఉన్నారు. జీవించి ఉన్నారు కనుక సంతకం వాళ్లే పెట్టాలి. అధికారికంగా జీవించి ఉన్నవాళ్లను పుస్తకంలో చనిపోయారని రాసినందుకు సుభాషిణి గారికి సంజాయిషీ నోటీసు కూడా ఇచ్చాం.

సంతకం కోసం నలభై ఒక్క రిజిస్టర్డ్ ఉత్తరాలు, రసీదు కార్డులతో సహా, వాళ్ల సొంత ఊళ్లకే పంపించాం. రెండు వారాల్లో నలభై ఒకటీ తిరిగొచ్చాయి. కవరు మీద పోస్ట్‌మాన్ ఎర్ర సిరాతో రాశాడు: "విలాసదారు ఊరు విడిచి వెళ్లిపోయారు." సుభాషిణి గారు ఆ కవర్లు చూసి, కుర్చీలో కూర్చుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఈ మొత్తం వ్యవహారంలో చరిత్ర సరిగ్గా రాసినవాడు ఆ పోస్ట్‌మాన్ ఒక్కడేనట. ఒక కవరు దాచుకుంటానని అడిగారు. అది ఆఫీసు ఆస్తి కనుక ఇవ్వలేదు.

జీవించి ఉన్నారు, కానీ దొరకడం లేదు. అలాంటివారి తరఫున సంతకం పెట్టేదెవరు? కమిటీ మళ్లీ కూర్చుంది. నేనే కప్పల ఫైలు తెరిచి, పూర్వోదాహరణ ఉందని మనవి చేశాను. రిజిస్ట్రారు గారు ఫైలు తిరగేసి సంతోషించారు. "జువాలజీ శాఖ యందు అవలంబించిన విధానమునే అవలంబించుటకు అభ్యంతరము లేదు. కప్పలకు శాఖాధిపతి. స్త్రీలకు, విషయపు గాంభీర్యము దృష్ట్యా, రిజిస్ట్రారు."

"కప్పలకి ఇంతకంటే ఎక్కువ మర్యాదే జరిగింది," అని సుభాషిణి గారు గొణిగారు. అది మినిట్సులో ఎక్కించాను.

సంరక్షకుడి నియామకానికి పత్రికాప్రకటన తప్పనిసరి అని లా ఆఫీసరు చెప్పాడు. ఎవరికైనా ఆక్షేపణలుంటే పదిహేను రోజుల్లో తెలుపుకోవాలి కదా. ప్రకటన నమూనా మా దగ్గర ఉంది. అందులో "భర్త / తండ్రి / సంరక్షకుడు" అని ఉంటుంది, వర్తించనివి కొట్టివేయాలి. ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఏ కొట్టివేత పక్కనైనా అధికారి పొట్టి సంతకం ఉండాలి. ఒక్కో పేరుకు రెండు కొట్టివేతలు, మొత్తం ఎనభై రెండు. రిజిస్ట్రారు గారు మీటింగు కోసం ఢిల్లీలో ఉన్నారు. పొట్టి సంతకం లేకుండా కొట్టివేసే మనిషిని కాను నేను. అందుకని కొట్టివేయలేదు. పత్రికవాళ్లకు మూడు మాటలు కాలమ్‌లో పట్టలేదట. మొదటి మాట ఉంచి మిగతా రెండూ తీసేశారు.

మర్నాడు జిల్లా ఎడిషన్ నాలుగో పేజీలో, "ఇందుమూలముగా సమస్త ప్రజలకు తెలియజేయునదేమనగా" అన్న వాక్యం కింద, నలభై ఒక్క వరసలు వచ్చాయి. చిట్టెమ్మ, భర్త: ఆచార్య వేమవరపు సాంబమూర్తి, రిజిస్ట్రారు. పైడమ్మ, భర్త: ఆచార్య వేమవరపు సాంబమూర్తి, రిజిస్ట్రారు. ముత్యాలు, భర్త: అదే. చివర, "సదరు సంబంధముపై ఆక్షేపణలు గలవారు పదిహేను దినములలోగా" అని.

ఆక్షేపణ గల మొదటి మనిషి తొమ్మిదిన్నరకే వచ్చారు. ఆవిడ రిజిస్ట్రారు గారి భార్య విశాలాక్షి గారు. మడతపెట్టిన పేపరు చేతిలో ఉంది. గొంతు పెంచలేదు. నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని, "ఆక్షేపణ ఎక్కడ ఇవ్వాలండి?" అని అడిగారు.

"ఇక్కడేనమ్మా. రెండు కాపీలు కావాలి."

"నేను నలభై రెండోదాన్నా, మొదటిదాన్నా? అది కూడా రాయాలా?"

ఆ గడి ఫారంలో లేదని చెప్పాను. ఈలోగా ఫోన్లు మొదలయ్యాయి. టీచర్ల సంఘం అభినందనలు పంపింది. ఓ వార్డు మెంబరు ఈ నలభై ఒక్కమందికీ ఓట్లున్నాయా అని కనుక్కున్నాడు. వైస్ చాన్సలర్ గారు ప్రవర్తనా నియమావళి గుర్తుచేశారు. ముందస్తు అనుమతి లేకుండా రెండో వివాహం చేసుకున్న ఉద్యోగికి మెమో ఇవ్వాలి. మెమో ఇచ్చే అధికారం రిజిస్ట్రారుది. నేను నలభై ఒక్క మెమోలు సిద్ధం చేశాను. పదకొండింటికి విమానం దిగి తిన్నగా ఆఫీసుకొచ్చిన రిజిస్ట్రారు గారు, అలవాటు ప్రకారం ఫైలు తెరిచి, తనకు తానే ఇస్తున్న మెమోల మీద వరసగా సంతకాలు పెట్టి, పన్నెండోదాని దగ్గర ఆగి చదివారు. ఆ తర్వాత ఆయన గ్రాంథికం మాట్లాడగా నేను వినలేదు.

"ఏంటయ్యా ఇది, ధనరాజూ? నా కొంప ముంచేశావేంటి?"

సుభాషిణి గారికి కబురు వెళ్లింది. ఆవిడ వచ్చి విశాలాక్షి గారి పక్కనే కూర్చుని, ఏమాత్రం తొణక్కుండా, వీళ్లు మీ వారి భార్యలు కారండి, ఎవరి భార్యలూ కారు అని మొదలుపెట్టారు.

"ముందీ ముత్యాలు ఎవరో చెప్పండి," అన్నారు విశాలాక్షి గారు, పేపరు మీద వేలు పెట్టి.

"తాళ్లరేవు దగ్గర పిల్లండి. పందొమ్మిదేళ్లు. మొగుడు తాగొచ్చి కొట్టేవాడు. ఓ రోజు సంతకెళ్తానని బయల్దేరి మద్రాసులో తేలింది. ఎలా వెళ్లిందో ఇప్పటికీ నాకు తెలీదు. తోటలో ఓవర్సీరు చెయ్యి వేస్తే చెరకు కత్తితో వాడి టోపీ ఎగరగొట్టింది. పదిరోజులు జైల్లో పెట్టారు. ఆ కేసు కాగితాల్లోనే ఆవిడ పేరు దొరికిందండి నాకు."

"టోపీయేనా?"

"టోపీయేనండి."

"సరే. ఈ పైడమ్మ?"

పైడమ్మ ఓడలో పుట్టిన ముగ్గురు పిల్లలకు పురుడు పోసింది. అచ్చియ్యమ్మ కూలి గడువు తీరాక కొంత నేల కొనుక్కుని, అది కోడళ్లకు తప్ప కొడుకులకు చెందదని కాగితం రాయించింది. విశాలాక్షి గారు ఒక్కో పేరూ చదవడం, సుభాషిణి గారు చెప్పడం. పన్నెండయ్యేసరికి టైపిస్టులు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు, ఒంటిగంటకు స్వీపర్లు కూడా వచ్చారు. భోజనానికి ఎవరూ లేవలేదు. రిజిస్ట్రారు గారు మాత్రం ప్రతి పేరుకూ, "చూశావా, నాకే సంబంధం లేదు," అంటూ వచ్చారు. ఇరవయ్యో పేరు దగ్గర ఆవిడ, "మీరు కాసేపు ఊరుకోండి, ఆవిడ చెప్పేది వినబడట్లేదు," అన్నారు.

నలభై ఒక్క పేర్లూ అయ్యాయి. ఆ పేర్లు నేను ఎన్నిసార్లు టైపు చేయించానో లెక్కలేదు, ఒక్కసారీ వాటిని మనుషులనుకోలేదు.

విశాలాక్షి గారు పేపరు మడిచారు. "ఊరంతా చదివేసిందండి ఇది. నేనొక్కదాన్ని నమ్మితే చాలదు. రేపు వీధిలోకి వెళ్తే పాలవాడు కూడా నవ్వుతాడు. ఈ నలభై ఒక్కమందీ ఎవరో, ఎందుకు వెళ్లారో, ఈవిడ చెప్పిన సంగతంతా పేర్లతో సహా అదే పేపర్లో రావాలి. వచ్చేదాకా ఈయన గెస్ట్ హౌస్‌లో ఉంటారు."

"సవరణ వేస్తాంలే. భార్యలు కారు అని," అన్నారు రిజిస్ట్రారు గారు.

సవరణ ప్రకటనలో ఏది తప్పో చెబితే సరిపోదు, ఏది ఒప్పో కూడా చెప్పాలని నేను మనవి చేశాను. నిబంధన అలాగే ఉంది. పైగా, పేర్లతో వేయాలంటే సమ్మతి కావాలి. సమ్మతి ఇవ్వాల్సింది సంరక్షకుడు. రిజిస్ట్రారు గారు నావైపు ఒక చూపు చూసి, నా పెన్నే లాక్కుని, నలభై ఒక్క పత్రాల మీద నలభై ఒక్క సంతకాలు నిలబడే పెట్టారు. సుభాషిణి గారు ఒక్కో పత్రం మీద సిరా ఆరేదాకా ఊదుతూ కూర్చున్నారు.

ఆదివారం అనుబంధంలో పూర్తి పేజీ వచ్చింది. నలభై ఒక్క పేర్లు, ఊళ్లు, ఓడ పేరు, తోట పేరు, ఒంటి మీద గుర్తులు, తర్వాత ఏమయ్యారో తెలిసినంత మేరకు. అన్నిటికంటే పైన, "వీరెవ్వరును ఆచార్య వేమవరపు సాంబమూర్తి గారి భార్యలు కారు" అని లావు అక్షరాల్లో. ఆ సాయంత్రమే ఆయన్ని ఇంట్లోకి రానిచ్చారు.

పుస్తకానికి ఇక అడ్డేమీ లేదు. సమ్మతులన్నీ ఉన్నాయి. పుస్తకం పేర్లతోనే అచ్చయింది. ప్రొఫెసరు పదోన్నతి ఫైలు మాత్రం కమిటీ ముందుకొచ్చినప్పుడు, "సదరు విషయమంతయు ఇదివరకే దినపత్రికలో ప్రచురితమై ప్రజలకు తెలిసియుండుటచే, ఇది నూతన పరిశోధనగా పరిగణింపబడదు" అని తిరస్కరించారు. ఆ పేజీని అచ్చువేయించిన రిజిస్ట్రారు గారే దాని మీద సంతకం పెట్టారు. ఆ తీర్మానం పట్టుకుని సుభాషిణి గారి గదికి వెళ్లడానికి నాకు సిగ్గేసింది. ఇరవై తొమ్మిదేళ్లలో అదే మొదలు. ఆవిడ చదివి, "పేర్లు అచ్చయ్యాయి కదండీ," అని సొరుగులోని పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకోవడం కొనసాగించారు. నేను పెట్టె కట్టడానికి తాడు పట్టుకున్నాను.

అప్పుడే తలుపు దగ్గర ఒకావిడ కనిపించింది. యాభై ఏళ్లుంటాయి. రొయ్యల ఫ్యాక్టరీ నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. నాలుగు మడతలు పడి, బజ్జీల నూనె అంటిన పాత ఆదివారం పేజీ చేతిలో ఉంది.

"మాది గంగమూలపాలెం అండి. పేరు మంగతాయారు. ఇందులో నూకాలు అని ఉందండి, మా ఊరే రాశారు. కుడి చెంప మీద కాలిన మచ్చ అని రాశారు కదండి. మా తాతకి తాతుండేవోరు కదండీ, ఆయనకి అక్కండి ఆవిడ. అత్తోరు కాల్చి పంపేసేరంట. పుట్టింటికొచ్చిన నాలుగో రోజున పెరట్లో నూతిలో పడిపోయిందని చెప్పేవోరండి మావోళ్లు. పడలేదా అండి?"

"పడలేదమ్మా," అన్నారు సుభాషిణి గారు. చేతిలో పుస్తకం కింద పెట్టారు. "ఓడెక్కింది. అక్కడ నలభై ఆరేళ్లు బతికింది. తోట వదిలేశాక సొంతంగా మిఠాయి కొట్టు పెట్టుకుంది. ఆవిడ మనవరాలి మనవరాలితో నేను మాట్లాడాను."

మంగతాయారు తలుపు చెక్క పట్టుకుని నిలబడింది.

"కాదండి, మరి ఆవిడ పడిందనే కదండి, ఆ నూతి నీళ్లు మా ఇంట్లో ఎవరూ ముట్టుకోమండి. ఊరందరూ మా నూతిలోనే తోడుకుంటారు. మంచినీళ్లండి అవి, తియ్యగా ఉంటాయంట. మేం మటుకు శివారు చెరువు దాకా వెళ్లి మోసుకొస్తాం. మా నాయనమ్మ మోసింది. మా అమ్మ మోసీ మోసీ నడుం పడిపోయిందండి. నాది ఇల్లరికమండి, నేనూ మోశాను. ఇప్పుడు మా కోడలు మోత్తంది." ఆవిడ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "ఇంక తోడుకోవచ్చా అండి?"

ఇలాంటి విషయానికి ఏ కమిటీ, ఏ ఫారం అని నా బుర్ర వెతకబోయింది. నేను నోరు మూసుకున్నాను.

సుభాషిణి గారు వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. "తోడుకోవచ్చమ్మా. ఇవాళ్టి నుంచే తోడుకోండి," అన్నారు, ఏడుస్తూ.

మంగతాయారు గోడ మీద గడియారం చూసి, కోటు జేబులోంచి గబగబా ఫోన్ తీసింది. "కోడలికి చెప్పాలండి. ఈపాటికి బిందె పట్టుకుని బయల్దేరిపోయుంటది."